కడుపు నిండిన కణాలు

వదిన సంచి అడుగున తువ్వాళ్ళు పరిచి, వాటిమీద మడతపెట్టిన బట్టలు పేర్చింది. మందుల డబ్బా పైన పెట్టింది. మళ్ళీ తీసి పక్క జేబులో దూర్చింది. అక్కడైతే అవసరానికి చేతికి తగలదేమోనని మళ్ళీ పైకి తెచ్చింది.

"వదినా, నేను వెళ్ళేది ఉద్యోగానికి. యుద్ధానికి కాదు," అంది మరదలు, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని.

"ఊరు కాని ఊళ్ళో జ్వరం వస్తే ఎక్కడికి పరిగెత్తుతావు?"

"నేను చేరేదే రక్తపరీక్షల కేంద్రంలో. రోగం ఏమిటో ఊరందరికంటే ముందు నాకే తెలుస్తుంది."

వదిన నవ్వలేదు. నీళ్ళసీసా మూత తిప్పి చూసి, సీసాని తలకిందులు చేసి, కారడం లేదని నమ్మకం కుదిరాక సంచి పక్కన నిలబెట్టింది.

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. మామగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. సంచిని ఒంటిచేత్తో లేపి, పట్టీ కుట్టిన చోట బొటనవేలితో నొక్కి చూశారు.

"ఇది ఊడుతుంది. ఖాళీ చేసి ఇలా ఇవ్వండి."

"అంతా సర్దాక చెబుతారేం మావయ్యా?"

"బరువు పడ్డాకే కదమ్మా తెలిసేది, ఊడుతుందో ఊడదో."

వదిన సర్దినవన్నీ మంచం మీద పెట్టింది. లోపల ఆమెకు సంతోషంగానే ఉంది. ఈ పనికి కనీసం ఇంకో అరగంట పడుతుంది. ఆ అరగంటా పిల్ల ఇంట్లోనే ఉంటుంది.

ముగ్గురూ ముందుగదిలోకి వచ్చారు. మామగారు పాత కుట్టు విప్పారు. మందపాటి దారం సూదికి ఎక్కించడానికి తంటాలు పడుతుంటే కూతురు అందుకుని ఎక్కించింది.

"కంటికి ఆపరేషన్ చేశారు గానీ సూది బెజ్జం పెద్దది చెయ్యలేదు," అన్నారు ఆయన. "అమ్మడూ, వెళ్ళేముందు ఒక్కటి చెప్పు. నీ పని ఎక్కడ తప్పింది? నా బుర్రకి ఎక్కేలా చెప్పు."

మరదలు గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"నీ దగ్గరికి కొలతల చీటీలు వస్తాయి కదా నాన్నా. ఒంట్లో ప్రతి కణంలోనూ అలాంటి చీటీలు తిరుగుతుంటాయి. వాటిని చదివి కణం ప్రోటీన్లు తయారు చేస్తుంది. ఒక్కోసారి చీటీ మధ్యలోనే 'ఇక ఆపు' అని పొరపాటున పడిపోతుంది. అది చూసి కుడితే ఒంటిచెయ్యి చొక్కా వస్తుంది."

"అది ఎవడు తొడుక్కుంటాడు?"

"ఎవరూ తొడుక్కోరు. పైగా దాంతో లేనిపోని జబ్బులు. అందుకే తప్పుడు చీటీల్ని పట్టుకుని చించేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. అన్నీ కలిసి ఒక యంత్రంలా పనిచేస్తాయి. వాటిలో ముందుండి నడిపించేదాని మీద చిన్న ముద్ర పడితే చించడం మొదలవుతుంది. ముద్ర చెరిగితే చేతులు కట్టుకుని కూర్చుంటుంది."

"ముద్ర వేసేది ఎవరు, చెరిపేది ఎవరు?"

"అదే నా ప్రశ్న. తిండి కరువైతే కణం ఈ చించే పనిని తగ్గిస్తుందని చాలామంది చూశారు. కాస్తంత ఆకలి చాలు, కొన్ని గంటల్లోనే ముద్ర చెరిగిపోతుందని కనిపెట్టాననుకున్నా."

"ఆకలికీ చీటీలకీ ఏమిటి సంబంధం?"

"చించేసే చీటీల్లో కష్టకాలంలో పనికొచ్చేవి కూడా కొన్ని ఉంటాయి నాన్నా."

"అదీ నిజమే. గిరాకీ లేనప్పుడు నేను చిరుగుపేలిక కూడా పారెయ్యను." ఆయన మిషను చక్రం చేత్తో తిప్పి పట్టీ మీద దగ్గర దగ్గరగా కుట్టు వేశారు. "ఇంత సవ్యంగా చెప్పేదాన్ని పట్టుకుని అబద్ధమాడావని ఎలా అన్నారే?"

వదిన నేలమీద పడిన దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

వదిన పనిచేసే పరిశోధన ల్యాబ్‌లో కూడా ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. మరదలు చేరిన కొత్తలో నలుగురి ముందు అలవాటుగా అలా పిలిచింది. ఆ తర్వాత వయసులో పెద్దవాళ్ళు కూడా అదే పిలుపు పట్టుకున్నారు. కణాలు పెంచే గది ఆమె చేతికింద ఉండేది. ఏదైనా ఫలితం అనుమానంగా ఉంటే ఆమె చేత మరోసారి చేయించడం ల్యాబ్ నడిపే మేడమ్‌కు అలవాటు. ఆమె చేతిలో వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

మరదలి ఫలితం ఆమె చేతిలో రాలేదు. మళ్ళీ చేసినా రాలేదు. చివరికి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చేయించారు. మరదలి చేతిలో కూడా రాలేదు.

"లేనిది ఉన్నట్టు చూపించేవాళ్ళకి నా ల్యాబ్‌లో చోటు లేదు," అన్నారు మేడమ్ మొన్నటి మీటింగులో. తర్వాత వదిన వైపు తిరిగారు. "మీరేమంటారు?"

మరదలిని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనుకోకూడదు. వదిన బల్ల మీద ఎండిపోయిన టీ మరక వైపు చూస్తూ, "నా చేతిలో రాలేదు మేడమ్," అంది. ఆ మాట అబద్ధం కాదు.

సాయంత్రం స్టేషనుకి ఇద్దరే వెళ్ళారు. మామగారికి మెట్లు ఎక్కడం కష్టం. ఆయన గుమ్మం దగ్గరే కూతురి తల నిమిరి, "పట్టీ ఊడితే నన్ను తిట్టుకో," అన్నారు. లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చున్నారు గానీ తొక్కలేదు.

మామూలుగా ఆ వేళకి వదిన ల్యాబ్‌లో ఉంటుంది. మర్నాటి పరీక్షకి పెట్టుకున్న కణాల ప్లేట్లన్నిటిలోనూ, వాటి తిండి అయిన పాత మీడియం తీసి కొత్తది పోస్తుంది. ఎవరి ప్లేట్లయినా సరే. పిల్లల్ని ఆకలితో పడుకోబెట్టకూడదనేది ఆమె. మరదలికి ఆ పని ఎప్పుడూ గుర్తుండేది కాదు. గుర్తు చేసినా "నువ్వున్నావుగా" అనేది. ఆ సాయంత్రం వదినకి ల్యాబ్ గుర్తుకు రాలేదు.

రైలు ముందే వచ్చి నిలబడి ఉంది. మరదలు కిటికీ పక్క సీట్లో కూర్చుంది. వదిన ప్లాట్‌ఫారం మీద నిలబడింది.

"టికెట్టు?"

"ఉంది."

"ఫోను చార్జింగు?"

"ఉంది వదినా."

"దిగగానే ఫోన్ చెయ్యి. దిగేముందు కూడా చెయ్యి."

"మధ్యమధ్యలో ఊపిరి కూడా పీల్చుకోనా?"

ఈసారి వదిన నవ్వింది. నీళ్ళు తాగబోతే సీసా తన దగ్గర లేదు. అది మరదలి పక్కన ఉంది.

"ఇక్కడే ఇంకోచోట చూసుకుంటే సరిపోయేది కదే," అంది. "మేడమ్ ఒక్కతే కాదుగా ఈ ఊళ్ళో."

"నా చేత్తో చేస్తేనే రాలేదు వదినా. ఇంకోచోట ఏమని చెప్పుకోను? అంతకుముందు చూసిందేమిటో నాకే తెలీడం లేదు. కలగన్నానేమో." ఆమె కిటికీ అంచు మీద గోటితో గీసింది. "రక్తపరీక్షే మేలు. వచ్చింది వచ్చినట్టు రాసి సంతకం పెట్టెయ్యొచ్చు. ఎవరూ కలలు కనమని అడగరు."

రైలు కదిలింది. వదిన కొంతదూరం పక్కనే నడిచింది. ఇంకేదో చెప్పాలని ఉంది, కానీ నోట్లోంచి వచ్చింది, "చెయ్యి లోపల పెట్టు."

ఇంటికి వచ్చాక గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసింది. తలుపు గడియ చూసింది. మరదలి గదిలో దీపం ఆర్పడానికి వెళ్ళి, అది వెలగడం లేదని గమనించి, కాసేపు అక్కడే నిలబడింది.

పొద్దున కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసింది. ప్లేట్లలో మీడియం ఎర్రగా లేదు. నారింజ దాటి పసుపులోకి తిరుగుతోంది. కణాలు ఉన్న తిండి తినేసి, విడిచిపెట్టిన దాంట్లోనే మునిగి ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. చావలేదు. ఒకదానికొకటి ఆనుకుని ఇరుకిరుగ్గా ఉన్నాయి.

"ఏమిటి వదినగారూ, పిల్లలు పస్తున్నారా?" అన్నాడు ఫ్రీజరాయన. ఫ్రీజర్ల తాళాలు అతని దగ్గరే ఉండేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. "మీరే ఇలా చేస్తే మాబోటి వాళ్ళ గతి ఏమిటి?"

"నిన్న స్టేషనుకి వెళ్ళాను."

అతను వేళాకోళం ఆపేశాడు. ఐసు డబ్బా ఆమె చేతికి అందించి పక్కకి తప్పుకున్నాడు.

ఆ ప్లేట్లు మరదలి పరీక్షకి చివరిసారిగా పెట్టినవి. ఫలితం లేదని చూపించే శుభ్రమైన బొమ్మ ఒక్కటి కావాలని మేడమ్ అడిగారు. అది చేతికొస్తే ఆ ప్రశ్న మూసెయ్యొచ్చు. కొత్త ప్లేట్లు పెరగాలంటే రోజులు పడతాయి. పైగా ఎలాగూ రాని ఫలితమే కదా అనుకుంది వదిన. చేతులకి గ్లౌజులు వేసుకుని స్పిరిట్ చల్లుకుంది. సగం ప్లేట్లకి మామూలు మీడియం, సగానికి ఒక పోషకం తగ్గించిన మీడియం పోసింది. గడువు అయ్యాక కణాల్ని చిట్లగొట్టి, మరదలు చీటీలని చెప్పిన ఆర్‌ఎన్‌ఏ తీసింది. చిన్న గొట్టాల అడుగున అది కంటికి ఆనని తెల్లటి పొరలా అంటుకుని ఉంటుంది. పైనున్న ద్రవాన్ని తీసేటప్పుడు ఊపిరి బిగబట్టింది. ప్రతిసారీ బిగబడుతుంది.

మధ్యాహ్నం దాటాక, చీటీల్ని గీతలుగా విడదీసి చూపే జెల్‌ని చీకటిగదిలో వెలుగు పలక మీద పెట్టింది. తిండి దొరికిన కణాల వరసల్లో ఏమీ లేదు. తప్పుడు చీటీలు ఎప్పటిలాగే చిరిగిపోయాయి. ఆకలి వరసల్లో గీతలు ఉన్నాయి. నూలుపోగంత సన్నగా, కానీ స్పష్టంగా, ప్రతి వరసలోనూ. చించాల్సిన చీటీలు చిరగకుండా మిగిలాయి.

వరసలు తారుమారు చేశానేమో అనుకుంది. గొట్టాల మీద రాతలు మళ్ళీ చదివింది. ద్రవం పీల్చే పిప్పెట్ మొన మార్చడం మరిచానేమో అనుకుంది. ఆమె ఎప్పుడూ మరవలేదు. చీకటిగదిలో ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుంది. మరదలు చూపించిన బొమ్మలో గీతలు సరిగ్గా ఇలాగే ఉండేవి. ఆ బొమ్మ తీసిన వారం మామగారి కంటి ఆపరేషన్. వదిన ఆసుపత్రిలో ఉంది. సాయంత్రాలు ప్లేట్లకి తిండి పెట్టేవాళ్ళు లేరు.

ఆపరేషన్ అయ్యాక ఆమె తిరిగి పనిలోకి వచ్చింది. తన ప్లేట్లతో పాటు మరదలి ప్లేట్లకి కూడా ఏ సాయంత్రమూ తప్పకుండా మీడియం మార్చింది. పక్కపక్కన నిలబెట్టి చేయించిన పరీక్షకి ముందు రోజు కూడా మార్చింది. కడుపునిండా తిన్న కణాలకి కొన్ని గంటల పస్తు ఒక లెక్క కాదు. అవి చీటీలు చించే యంత్రాన్ని ఆపలేదు.

కొత్త ప్లేట్లు పెరిగేదాకా కొన్ని రోజులు ఆగి మళ్ళీ చేసింది. పరీక్షకి ముందటి సాయంత్రం సగానికి తిండి పెట్టి, సగానికి పెట్టకుండా వదిలేసింది. పెట్టకుండా తలుపు వెయ్యడం చేతకాలేదు. వేసి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ వేసింది. పొద్దున అన్నిటికీ పోషకం తగ్గించిన మీడియమే పోసింది. ఫలితం తప్పలేదు. తిన్నవాటిలో గీత లేదు. పస్తున్నవాటిలో ఉంది. ముద్ర ఉన్న ప్రోటీన్ కూడా చూసింది. పస్తున్నవాటిలో ముద్ర చెరిగిపోయి ఉంది, మరదలు చెప్పినట్టే.

మేడమ్ బొమ్మలు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు.

"ముందు రోజు తిండి," అన్నారు. "ముందు రోజు తిండే తేడా."

"అవును మేడమ్. నేనే పెట్టాను. తన ప్లేట్లకి కూడా."

"ఇది ఇంకా బాగుంది వదినా. ఒకటే మెట్టు అనుకున్నాం. రెండు మెట్లున్నాయి. ఆకలి ఎంత లోతుగా ఉందో కణం ముందు చూసుకుంటోంది, ఆ తర్వాతే యంత్రానికి కళ్ళెం వేస్తోంది. ఎంత చక్కగా ఉందో చూడండి." మేడమ్ ముఖం నిజంగానే వెలిగింది. "తనని రమ్మనండి. వెంటనే. ఇది రాయాల్సింది తనే."

వదిన కదల్లేదు.

"మీటింగులో మీరు తనని ఒక మాట అన్నారు మేడమ్."

"ఏ మాట?"

మేడమ్ నటించడం లేదు. ఆవిడకి నిజంగా గుర్తు లేదు. వదినకి ఆ గదిలో టీ మరక ఆకారం కూడా గుర్తుంది.

"లేనిది ఉన్నట్టు చూపించిందని."

"ఓ. అప్పుడు కనిపించింది అంతే కదా," అన్నారు మేడమ్, బొమ్మని మళ్ళీ వెలుగులోకి తిప్పుతూ. "నేను కూడా మాట్లాడతానులెండి."

ఇంటికి వస్తూ వదిన దారంతా మాటలు పేర్చుకుంది. ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత. రోడ్డు దాటేటప్పుడు ఎవరో హారన్ కొట్టి తిట్టారు. ఇంట్లో చెప్పులు విప్పకుండానే ఫోన్ చేసింది. మామగారు మిషను తొక్కడం ఆపి చెవి ఇటు వేశారు.

అంతా చెప్పింది. స్టేషను, పసుపు తిరిగిన మీడియం, గీతలు, ఆపరేషన్ వారం. పేర్చుకున్న వరస మొత్తం కలగాపులగమైంది. అవతల నవ్వు వినిపించింది. మరదలు పగలబడి నవ్వుతోంది.

"అయితే కలగనలేదన్నమాట నేను!"

"లేదే. ఉంది. నువ్వు చూసింది ఉంది."

"అన్నం పెట్టి మరీ నా నోరు కొట్టావన్నమాట, వదినా!"

"నా చేతులు విరిగిపోనూ. నాకేం తెలుసు?"

"ఊరుకో. ఎవరికి తెలుస్తుంది? నాకే తెలీలేదుగా. నాన్న విన్నాడా?"

"విన్నానే," అన్నారు మామగారు గట్టిగా. "చొక్కాకి చెయ్యి దొరికిందటగా!"

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే వదిన అనేసింది, "మేడమ్ నిన్ను రమ్మంటున్నారు. నువ్వే రాయాలంటున్నారు. ఎప్పుడు బయల్దేరతావు? నేను స్టేషనుకి వస్తా."

అవతల నవ్వు ఆగింది.

"బొమ్మలు పంపించు. ఇక్కణ్ణించే రాస్తాను."

"ఇక్కడికి వచ్చి రాయొచ్చు కదా. నీ గది అలాగే ఉంది."

"మేడమ్ మీద కోపం లేదు వదినా. ఆవిడ నన్ను ఎంతకాలం చూసిందని? ఆ రోజు నిన్ను అడిగారు."

వదిన ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"నాకు కనిపించిందే చెప్పాను."

"అవును. కనిపించిందే చెప్పావు. అబద్ధం చెప్పమని నేనెక్కడన్నాను? 'రాలేదు' అన్న తర్వాత ఇంకొక్క మాట అనుంటే చాలు. 'మా పిల్ల అలాంటిది కాదు' అని. నేను నీ ముఖంలోకే చూస్తున్నాను. నువ్వు బల్ల వంక చూశావు." ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. రక్తపరీక్ష ఫలితం చదివి వినిపిస్తున్నట్టుంది. "అన్నయ్య పోయినప్పుడు కూడా నేను ఒంటరినని అనిపించలేదు. ఆ గదిలో అనిపించింది."

వదిన నోరు తెరిచింది. 'నిన్ను వెనకేసుకొచ్చానంటారని' అని చెబుదామనుకుంది. అది విన్నాక పిల్లకి ఇంకా ఏం మిగులుతుంది?

"భోజనం చేశావా?" అంది.

"చేశాను. సెలవు దొరికితే వస్తాలే వదినా. నాన్నకివ్వు."

మామగారు ఫోన్ తీసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. వదిన వంటగదిలోకి వెళ్ళి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసింది. అసలింకా వెలిగించనే లేదు.

తర్వాతి రోజుల్లో పరీక్షకి పెట్టిన ప్లేట్లలో సగం ప్రతి సాయంత్రం పస్తు ఉండాల్సి వచ్చింది. ఆ పని కూడా వదినదే. ఎర్రటి మీడియం సీసా పట్టుకుని ఇంక్యుబేటర్ ముందు నిలబడేది. తిండి పెట్టాల్సినవాటికి పెట్టేది. మిగిలినవాటిని చూసి, సీసా మూత బిగించి, తలుపు మెల్లగా నెట్టేది. ఫ్రీజరాయన ఇంటికి వెళ్తూ, "ఇంకా ఇక్కడే ఉన్నారా వదినగారూ?" అనేవాడు. ఆమె "వెళ్తున్నా" అనేది.

పరిశోధన మరుసటి వేసవిలో అచ్చయింది. మొదటి పేరు మరదలిది, రెండోది వదినది. మామగారు ఆ తర్వాతి చలికాలం మొదట్లో కూతురి దగ్గర కొన్నాళ్ళుంటానని వెళ్ళారు. తీసుకెళ్ళడానికి కూతురు రాలేదు, వదినే రైలెక్కించింది. ఆయన అక్కడే, మరుసటి వానాకాలంలో పోయారు. మరదలు స్టేషనులో రైలెక్కిన ఆ సాయంత్రం తర్వాత మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.